భూతం నుంచి భూతకాలానికి

మన ఇళ్ళల్లో ఎవరైనా పోతే చుట్టపక్కాలు పరామర్శకి వస్తారు. వచ్చినవాళ్ళు ప్రశ్నలేమీ వెయ్యక్కర్లేదు. ఆ ఇంటావిడే మొదలుపెడుతుంది. "పొద్దున్నే లేచారు వదినా, కాఫీ తాగారు, పేపరు తిరగేశారు, ఇంతలోనే..." అంటూ. వదినగారు వెళ్ళి ఎదురింటావిడ వస్తే మళ్ళీ కాఫీ దగ్గర్నుంచీ మొదలు. సాయంత్రం బస్సు దిగిన ఆడపడుచుకి మళ్ళీ అదే. "ఎన్నిసార్లు చెపుతావమ్మా, ఊరుకో" అని పెద్దవాళ్ళు మందలిస్తారు. ఊరుకోదు. ఊరుకోలేదు. మొదటిరోజు వెక్కిళ్ళ మధ్య ముక్కలు ముక్కలుగా వచ్చిన మాటలే పదోరోజుకి ఒక వరసలో పడతాయి. ఎవరూ నేర్పకుండానే ఆవిడ తన దుఃఖానికి ఒక మొదలూ, ఒక చివరా ఏర్పరచుకుంటుంది.

ఇంకో సంగతి. కళ్ళముందు ఘోరం జరగటం చూసినవాళ్ళని అడగండి. "నోట మాట రాలేదండీ" అంటారు. అదేదో మాటవరసకి అనటం అనుకుంటాం మనం.

చెప్పుకుంటే గుండె ఎందుకు తేలికపడుతుంది? భయంలో నోరెందుకు పడిపోతుంది? ఈ రెంటికీ మన మెదడులో కారణం ఏమన్నా వుందా? ఈ ప్రశ్న వెనకాల దాదాపు నూట నలభై ఏళ్ళ చరిత్ర వుంది. నేను డాక్టర్ని కాను. బి.ఏ. చదువుకుని కథలు రాసుకునేదాన్ని. బహుశా అందుకే ఈ చరిత్ర నన్ను పట్టుకుని వదల్లేదు. ఇందులో కథ రాసినందుకు సిగ్గుపడిన డాక్టరున్నాడు. రాయలేని చేత్తో మూడువేల పేజీలు రాసిన రోగి వున్నాడు.

మొదలు వియన్నా నగరంలో. 1880లో జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు దగ్గరికి ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి వైద్యానికి వచ్చింది. తండ్రి మంచాన పడితే రాత్రింబవళ్ళు సేవ చేసిన పిల్ల. ఉన్నట్టుండి కుడిచెయ్యి పడిపోయింది. మాతృభాష జర్మన్ మర్చిపోయి ఇంగ్లీషులోనే మాట్లాడసాగింది. మండువేసవిలో గ్లాసు నోటిదాకా తెచ్చుకుని కూడా నీళ్ళు తాగలేకపోయేది. కొన్ని వారాలు పళ్ళతోనే దాహం తీర్చుకుంది. ఒకరోజు మగతలో ఆ అమ్మాయి ఓ పాత సంగతి బయటపెట్టింది. ఇంట్లో వుండే టీచరమ్మ కుక్క గ్లాసులోంచి నీళ్ళు తాగుతుంటే చూసిందట. అసహ్యం వేసినా మర్యాదకోసం నోరు మూసుకుందట. ఆ కోపమంతా వెళ్ళగక్కి, లేచి, గ్లాసుడు నీళ్ళు అడిగి తాగేసింది!

ఈ పద్ధతికి 'మాటల వైద్యం' అని పేరు పెట్టింది డాక్టరు కాదు, ఆ అమ్మాయే. నవ్వుతాలుకి 'పొగగొట్టం దులపటం' అని కూడా అనేది. వైద్యశాస్త్రం పుస్తకాల్లో ఆమె పేరు 'అన్నా ఓ'. అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. ఆ వైద్యంతో ఆమెకి పూర్తిగా నయమైపోయిందని చెప్పటం మాత్రం నిజం కాదు. 1882లో ఆమెని స్విట్జర్లాండులో ఒక శానిటోరియంలో చేర్చవలసివచ్చింది. ఆ తర్వాత మెల్లిగా తేరుకుని, కథలు రాసి, అనాథపిల్లల ఆశ్రమం నడిపి, 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘాన్ని స్థాపించింది. మనం గుర్తుపెట్టుకోవలసింది ఆ బెర్తాని.

ఈ కేసుని బ్రాయర్‌తో కలిసి పుస్తకంగా రాసినవాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఫ్రాయిడ్ అనగానే మనకి సోఫా, కలలు గుర్తొస్తాయి. కానీ ఆయన మొదట్లో మెదడు డాక్టరే. కుర్రతనంలో సుమారు నాలుగువందల మలుగుచేపల్ని కోసి పరీక్షించాడు. చేపల నాడీకణాల్ని మైక్రోస్కోపులో చూసి బొమ్మలు వేశాడు. మెదడు దెబ్బతిని మాట పడిపోవటం గురించి 1891లో పుస్తకమే రాశాడు. అలాంటి మనిషి 1895లో ఈ రోగుల గురించి రాస్తూ, తన కేసు రిపోర్టులు కథల్లాగా వున్నాయేమిటా అని తనే ఇబ్బందిపడ్డాడు. వీటికి సైన్సు గాంభీర్యం రాలేదే అని బాధ. తప్పు నాది కాదు, ఆ విషయమే అలాంటిది అని సర్దిచెప్పుకున్నాడు.

తమాషా ఏమిటంటే, అదే 1895లో ఆయన ఇంకొకటి కూడా రాశాడు. బెర్లిన్‌లో వున్న స్నేహితుడు ఫ్లీస్‌ని చూసి తిరిగొస్తూ, రైల్లోనే పెన్సిలుతో మొదలుపెట్టాడు. మనసు చేసే పనులన్నిటినీ నాడీకణాల భాషలో చెప్పెయ్యాలని ప్రయత్నం. నోటుపుస్తకాలు నింపి ఫ్లీస్‌కి పంపించాడు. రెండు నెలలు తిరక్కుండానే, అసలు ఆ ఆలోచన ఎలా పుట్టిందో తనకే అర్థం కావటం లేదంటూ పక్కన పడేశాడు. నాడీకణాల గురించి ఆ రోజుల్లో తెలిసింది అంతంతమాత్రం. ఫ్లీస్ పోయాక ఆయన భార్య అమ్మేసిన కాగితాలు చేతులు మారి మేరీ బోనపార్ట్ అనే శిష్యురాలి దగ్గరికి చేరాయి. ఫ్రాయిడ్ తగలబెట్టెయ్యాలన్నాడు. గురువుగారు అడిగినా ఆవిడ ఇవ్వలేదు. ఆయన పోయిన పదకొండేళ్ళకి, 1950లో అవి అచ్చయ్యాయి.

ఒకే ఏడాది, ఒకే బల్లమీద, ఒకవైపు కథ, ఒకవైపు మెదడు! రెండూ కలవలేదు. అక్కడినుంచి రెండు దారులు చీలిపోయాయి. మాటల వైద్యులు మెదడు వూసెత్తటం మానేశారు. మెదడు డాక్టర్లు రోగి చెప్పే కథ వినటం మానేశారు. ఒకరికి మనిషి వున్నాడు, శరీరం లేదు. ఇంకొకరికి శరీరం వుంది, మనిషి లేడు.

ఈ రెంటినీ మళ్ళీ ఒకచోట కూర్చోపెట్టిన పెద్దమనిషి రష్యాలో వున్నాడు. అలెగ్జాండర్ లూరియా, 1902లో కజాన్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడిగా తమ వూళ్ళో మనోవిశ్లేషణ సంఘం పెట్టి ఫ్రాయిడ్‌కి ఉత్తరం రాశాడు. 'అధ్యక్షులవారికి' అంటూ ఆ పెద్దాయన జవాబు రాస్తే ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తర్వాత డాక్టరీ చదివాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఉరల్ పర్వతాల దగ్గర తలకి గాయాలైన సైనికుల ఆస్పత్రి నడిపాడు. 1943లో అక్కడికి వచ్చాడు జసెత్‌స్కీ.

వయసు ఇరవై మూడు. యుద్ధానికి ముందు ఇంజనీరింగు విద్యార్థి. ఆ ఏడు మార్చి 2న, గడ్డకట్టిన నది దాటి దాడికి వెళ్తుంటే తూటా వచ్చి తలకి ఎడమవైపు వెనకభాగంలో దిగింది. ప్రాణం దక్కింది. ప్రపంచం దక్కలేదు. ఏది చూసినా కుడివైపు సగం కనిపించదు. ఒక్కోసారి తన తల బల్లంత పెద్దదై, కాళ్ళూచేతులూ చిన్నవైపోయినట్టుండేది. అక్షరాలన్నీ మర్చిపోయి చిన్నపిల్లాడిలా మళ్ళీ మొదలుపెట్టాడు. 'తండ్రి సోదరుడు', 'సోదరుడి తండ్రి', ఈ రెంటికీ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా తెలిసేది కాదు. మనకైతే బాబాయి అనో పెదనాన్న అనో ఒక్క మాటుంది. కానీ 'వదినగారి తమ్ముడికి మేనమామ' అనంటే మనం కూడా ఒక్క క్షణం ఆగి లెక్క కట్టుకుంటాం కదా! ఆ లెక్క కట్టుకునే చోటే అతనికి పోయింది.

ఒకరోజు ఆస్పత్రిలో డాక్టరు, ఒక్కో అక్షరం కూడబలుక్కోవద్దు, చెయ్యి ఎత్తకుండా మాటంతా ఒక్కసారి రాసెయ్యి అన్నాడు. రాశాడు! ఎన్నో ఏళ్ళ అలవాటుతో చెయ్యి తనంతట తనే నడిచింది. కానీ రాసినదాన్ని చదువుకోవాలంటే మాత్రం ఒక్కో అక్షరం వెతుక్కోవాల్సిందే. ఆ రాయటం పట్టుకుని అతను తన కథ రాయటం మొదలుపెట్టాడు. ఒక మాటకోసం గంటలు వెతకాలి. మాట దొరికేసరికి ముందుమాట జారిపోతుంది. ఒక్కోరోజు నాలుగు వాక్యాలు, అంతే. ఇరవై అయిదేళ్ళు రాశాడండీ. మూడువేల పేజీలు.

ఎందుకు? రాస్తే పోయిన కణాలు మళ్ళీ మొలవవు. మొలవలేదు కూడా. చివరిదాకా అతని చూపు సగమే. అయినా రాస్తున్నంతసేపు తను ఆలోచిస్తున్నాననీ, తనకో బతుకు వుందనీ, తన అనుభవం ఎవరికైనా పనికొస్తుందనీ అతనికి నమ్మకం. ఇక్కడే లూరియా మెదడు శాస్త్రం అడుగుపెట్టి, ఏ కథకుడూ చెప్పలేని సంగతి చెప్పింది. తూటా పోగొట్టింది మెదడు వెనకవైపున, లెక్కలు కట్టే చోటుని. సంకల్పం చేసుకునే, ముందుకి ప్రణాళిక వేసుకునే నుదుటివైపు భాగాన్ని అది ముట్టుకోలేదు. అందుకే ఏం పోయిందో అతనికి తెలుసు. అందుకే బాధపడగలిగాడు. అందుకే పోరాడగలిగాడు. మెదడు పటం చూడకపోతే ఆ రోగిలో ఇంకా ఏం మిగిలివుందో తెలిసేది కాదు. అతని కథ వినకపోతే ఆ మిగిలినదానితో ఏం చెయ్యొచ్చో తెలిసేది కాదు.

1971లో లూరియా అచ్చువేసిన పుస్తకంలో రోగి మాటలు కొన్ని పేజీలు, మెదడు పాఠం కొన్ని పేజీలు జడ అల్లినట్టు వస్తాయి. ఇలాంటి సైన్సుని ఆయన 'భావుక విజ్ఞానం' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాడు. ఆ దారినే పట్టుకున్న ఆలివర్ శాక్స్ పుస్తకాలు తర్వాత ప్రపంచమంతా చదివింది.

అయితే కథ అంటే అన్నివేళలా అమృతమేనా? కథలు రాసేదాన్ని కనక నేను అవునని అనాలి. కానీ ఇక్కడే మెదడు శాస్త్రం మనల్ని హెచ్చరిస్తుంది.

అమెరికాలో మైఖేల్ గజానిగా అనే శాస్త్రవేత్త, మూర్ఛరోగం తగ్గటానికి మెదడు రెండు సగాల మధ్య వంతెనని కోయించుకున్నవాళ్ళని పరీక్షించాడు. 1970లలో ఆయనా, ఆయన విద్యార్థి జోసెఫ్ లెడూ కలిసి అలాంటి కుర్రాడొకడికి ఒక ఆట పెట్టారు. ఎడమ మెదడుకి మాత్రమే కనిపించేలా కోడికాలు బొమ్మ. కుడి మెదడుకి మాత్రమే కనిపించేలా మంచు కప్పేసిన ఇల్లు. తర్వాత కొన్ని బొమ్మలు ముందుంచి, చూసినదానికి సరిపోయేవి తియ్యమన్నారు. కుడిచెయ్యి కోడిని తీసింది. ఎడమచెయ్యి మంచు ఎత్తే పారని తీసింది. ఎందుకయ్యా అంటే, మాట్లాడే ఎడమ మెదడుకి మంచు సంగతే తెలియదు. మరి 'తెలియదు' అందా? అనలేదు! కోడికాలుకి కోడి తీశాను, కోళ్ళగూడు ఊడవటానికి పార కావాలిగా అంది, తడుముకోకుండా.

మన అందరి తలకాయల్లోనూ అలాంటి కథకుడొకడు కూర్చునివున్నాడు. కారణం దొరక్కపోతే కల్పిస్తాడు. కల్పించానని వాడికే తెలియదు. ఇంకా భయం వేసే సంగతి, వాడికి పక్కవాళ్ళు కథ అందించొచ్చు. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్ తన సహాయకురాలితో కలిసి ఇరవై నలుగురికి, మీరు చిన్నప్పుడు బజారులో తప్పిపోయారు, మీవాళ్ళే చెప్పారు అని లేని సంగతి చెపితే, దాదాపు నాలుగోవంతు మంది నిజంగానే గుర్తుందన్నారు. అమెరికాలో 1980లలోనూ 1990లలోనూ కొందరు చికిత్సకులు, నీలో మరుగునపడిన జ్ఞాపకాలున్నాయి తవ్వి తియ్యి అని రోగుల్ని నూరిపోసి, జరగని ఘోరాల్ని కూడా గుర్తుచేయించి కుటుంబాలని కోర్టులకెక్కించారు. నిజంగా జరిగినవాళ్ళ మాట కూడా దాంతో అనుమానం పాలయింది. వినేవాడు వినాలిగానీ కథ అందించకూడదు.

ఆ కోడికాలు ఆటలోని విద్యార్థి లెడూ సంగతి కాస్త చెప్పాలి. లూసియానాలో ఒక మాంసం కొట్టు యజమాని కొడుకు. చిన్నప్పుడు తండ్రి కొట్టులో పశువుల మెదళ్ళలోంచి తూటాలు ఏరిన పిల్లాడు. పెద్దయ్యాక భయం మెదడులో ఎక్కడుంటుందో వెతకటానికే జీవితం ఖర్చుపెట్టాడు. బాదంగింజ ఆకారంలో వుండే 'ఎమిగ్డాలా' అనే భాగం అందులో ముఖ్యమని చూపించినవాళ్ళలో ఆయనొకడు. 2000లో ఆయన ప్రయోగశాలలో కరీం నాదెర్ ఎలకలకి ఒక శబ్దం వినిపిస్తూ కాలికి షాకు ఇచ్చాడు. తర్వాత శబ్దం వింటేనే అవి కొయ్యబారిపోయేవి. మర్నాడు ఆ శబ్దం మళ్ళీ వినిపించి, వెంటనే కొత్త ప్రోటీన్లు తయారవకుండా ఆపే మందు ఎమిగ్డాలాలోకి ఎక్కించాడు. ఆ భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా ఉత్త మందు ఇస్తే ఏమీ మారలేదు. అంటే, జ్ఞాపకం రాతిమీద చెక్కినది కాదన్నమాట. తలుచుకున్నప్పుడు కొంతసేపు పచ్చిగా అవుతుంది, తిరిగి ఆరాలి. ఎలకల సంగతిని తెచ్చి మనుషులకి అతికించెయ్యకూడదనుకోండి. అయినా 'ఎన్నిసార్లు చెపుతావమ్మా' అని మందలించేముందు కాస్త ఆలోచించవలసిన మాటే.

ఇక నోట మాట రాకపోవటం. 1996లో స్కాట్ రాచ్, బెసెల్ వాన్ డెర్ కోక్ మొదలైనవాళ్ళు ఎనిమిదిమందిని పరీక్షించారు. ఏదో ఘోరం అనుభవించి, అది మళ్ళీ మళ్ళీ కళ్ళముందు జరుగుతున్నట్టు బాధపడేవాళ్ళు వాళ్ళు. వాళ్ళ అనుభవాన్నే టేపు మీద వాళ్ళకి వినిపిస్తూ మెదడు ఫోటోలు తీశారు. ఎమిగ్డాలా వైపు పని పెరిగింది. మాటని పుట్టించే బ్రోకా ప్రాంతంలో పని తగ్గింది. ఎనిమిదిమందే కనక అదే వేదవాక్కు కాదు. కానీ మన అమ్మమ్మలు చెప్పినది వట్టి అలంకారం కాదు కాబోలు. చెప్పమంటే చెప్పలేకపోవటం మొండితనం కాదు, అబద్ధం అంతకంటే కాదు. పోలీస్ స్టేషన్లోనో కోర్టులోనో, సంగతంతా వరసగా చెప్పలేక తడబడిన ఆడపిల్ల గుర్తొచ్చినప్పుడు ఈ ఒక్క ముక్క ఎంత విలువైనదో అనిపిస్తుంది నాకు.

ఈలోగా ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలో మైఖేల్ వైట్ అనే సోషల్ వర్కరు, న్యూజిలాండ్ స్నేహితుడు డేవిడ్ ఎప్‌స్టన్‌తో కలిసి కథనే వైద్యంగా మలిచాడు. బట్టల్లోనే దొడ్డికి వెళ్ళే పిల్లాడు వస్తే, వాడిని తిట్టకుండా ఆ సమస్యకే ఒక పేరు పెట్టించేవాడు. మన భాషలో 'దొంగ ఛీఛీ' అనుకోండి. ఆ దొంగ నిన్నెప్పుడు మోసం చేస్తాడు, నువ్వు వాడినెప్పుడు ఓడించావు అని అడిగేవాడు. పిల్లాడు సిగ్గు మాని యుద్ధానికి దిగేవాడు. 1990లో వాళ్ళ పుస్తకం వచ్చాక ఈ పద్ధతి దేశదేశాలా పాకింది. వైట్ అనుచరులకి చాలాకాలం మెదడు మాటంటే గిట్టేది కాదు. 'నీ మెదడు ఇంతే' అన్నది కూడా మనిషి నుదుట అతికించే కథేగా అని వాళ్ళ భయం. అందులో నిజం లేకపోలేదు. కానీ 2007లో మాథ్యూ లీబర్‌మన్, ఫోటోలోని మొహంలో కనిపించే కోపానికో భయానికో సరిపోయే మాటని ఎంచుకున్నప్పుడు ఎమిగ్డాలా కాస్త శాంతిస్తుందని చూపించాడు. పేరు పెట్టటంలో బలం వుందని రెండువైపులవాళ్ళూ ఒప్పుకోవలసివచ్చింది.

నా దృష్టిలో ఈ రెండు పాయలూ నిజంగా కలిసింది జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో. మాగీ షావర్, ఫ్రాంక్ నాయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ అనేవాళ్ళు మెదడు పరిశోధన చూసి ఒక సంగతి గ్రహించారు. మామూలు జ్ఞాపకానికి వూరూ తేదీ వుంటాయి. ఘోరమైన జ్ఞాపకానికి వాసనా, చప్పుడూ, గుండెదడా మాత్రం మిగులుతాయి. ఎప్పుడు, ఎక్కడ అన్నది తెగిపోతుంది. అందుకే అది ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది. మన భాషలో భూతం అంటే దయ్యమూ అవును, జరిగిపోయినదీ అవును. వాళ్ళు చెయ్యబోయింది ఆ భూతాన్ని భూతకాలంలోకి పంపటమే.

పద్ధతి చాలా మామూలు. నేలమీద ఒక తాడు పరుస్తారు. అది మీ జీవితం. పుట్టుక దగ్గర్నుంచీ మంచి జరిగినచోట పువ్వు, చెడు జరిగినచోట రాయి పెట్టమంటారు. తర్వాత మొదటినుంచీ కథ చెప్పాలి. రాయి దగ్గరికి వచ్చినప్పుడు చికిత్సకుడు దాటిపోనివ్వడు. అప్పుడేం వినిపించింది, ఒళ్ళు ఎలా వుంది, ఇప్పుడెలా వుంది అని నెమ్మదిగా అడుగుతాడు. ఆ ఘట్టం చివరిదాకా వెళ్ళి, తర్వాత ఏమయింది అన్నదాకా ఆగడు. అతను అంతా రాసి, వచ్చేసారి చదివి వినిపిస్తాడు. ఆఖరికి ఆ జీవితచరిత్ర ఆ మనిషి చేతికే ఇస్తారు.

ఉగాండాలో ఇంవెపి శిబిరంలో తలదాచుకున్న సుడాన్ కాందిశీకులు నలభై ముగ్గురితో వాళ్ళు జరిపిన పరీక్ష 2004లో అచ్చయింది. నాలుగే కూర్పులు. ఏడాది తర్వాత చూస్తే, ఇలా కథ చెప్పినవాళ్ళలో నూటికి 29 మందికే ఆ జబ్బు మిగిలింది. ఉత్త ఓదార్పు మాటలు విన్నవాళ్ళలో నూటికి 79 మందికి అలాగే వుంది. ఓదార్పు చెడ్డదని కాదు. కానీ కన్నీళ్ళు తుడిచేవాళ్ళతోబాటు, 'తర్వాత?' అని అడిగేవాళ్ళు కూడా కావాలి. ఆ 29 మందిని మర్చిపోకూడదు, కథకి లొంగని బాధ కూడా వుంది. దానికి మందులూ, డాక్టరూ, కాలమూ ఏది అవసరమైతే అది కావాలి.

వియన్నాలో పుట్టి, 1939లో పదేళ్ళు నిండకుండానే నాజీల బాధకి దేశం విడిచి వెళ్ళిన ఎరిక్ కాండెల్ 1998లో ఒక మాట రాశాడు. మాటల వైద్యం పనిచేసిందంటే అది మెదడు కణాల మధ్య కలయికల్ని మార్చే పనిచేస్తుంది అని. జ్ఞాపకం నాడీకణాల్లో ఎలా నిలుస్తుందో కనిపెట్టినందుకు 2000లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఫ్రాయిడ్ రైల్లో పెన్సిలుతో మొదలుపెట్టిన వాక్యాన్ని అదే వూరి పిల్లాడు నూరేళ్ళ తర్వాత పూర్తిచేసినట్టు లేదూ!

కాన్‌స్టాంజ్ వాళ్ళ తాడు విషయంలో ఒకటి చెప్పటం మరిచాను. తాడుని చివరిదాకా పరిచెయ్యరు. ఇవాళ్టిదాకానే పరిచి, మిగతాది చుట్టచుట్టి అలాగే వుంచుతారు. అది ఇంకా రాని రోజులకోసం.